బుల్లి కారుని బోర్లించి చూడండి!

సంక్రాంతి దగ్గర పడుతోందంటే ఇల్లు దులపడం, అటక మీది సామాను దించడం మనకి తప్పని పని. పనికొచ్చేవి ఒక పక్క, పాతసామాను వాడికి వేసేవి ఒక పక్క, భోగిమంటలోకి పోయేవి ఒక పక్క - ఇలా మూడు కుప్పలు పెడతాం. ఏది ఏ కుప్పలోకి వెళ్ళాలో తేల్చేది ఎవరండీ? మనమే కదా! మగవాళ్ళు పేపర్లోంచి తల ఎత్తకుండా "నీ ఇష్టం" అంటారు. అంచేత ఏ ఇంట్లోనైనా ఏ పాత వస్తువు మిగిలింది, ఏది మాయమైంది అన్నది చాలావరకు ఇల్లాలి చేతిలోనే ఉంటుంది.

అలా దించిన పెట్టె అడుగున, విరిగిన లక్కపిడతల పక్కన, రంగు పెచ్చులూడిన చిన్న కారొకటి కనిపిస్తుంది. వేలెడంతే ఉంటుంది కానీ చేతిలోకి తీసుకుంటే బరువు. దాంతో ఆడుకున్న పిల్లలకి ఇప్పుడు పిల్లలు. "ఇదింకా ఎందుకు?" అని పాతసామాను కుప్పలోకి విసరబోతాం. ఒక్క నిమిషం ఆగండి. విసిరే ముందు దాన్ని బోర్లించి చూడండి. చెంబు అంచున కొట్టించిన పేరూ తేదీ చదివి అది ఎవరి పెళ్ళిలో వచ్చిందో మనం చెప్పగలం కదా? అలాగే ఈ బుల్లి కారు కడుపు మీద దాని ఊరూ పేరూ ఉంటాయి. చక్రాలు చూసి వయసు చెప్పవచ్చు. చదవడం తెలిస్తే చాలు.

నేను ఆ చదువు సరదాకి నేర్చుకోలేదు. మా ఇంట్లో పంపకం వచ్చి నేర్చుకున్నాను.

మా నాన్నగారు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. బెంగాల్లో ఉన్నా ఆ ఊళ్ళో తెలుగువాళ్ళకి కొదవ లేదు. మా క్వార్టర్స్ వరసలో సగం ఇళ్ళ ముందు ముగ్గులుండేవి. అమ్మ ఏటా సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేది. పై మెట్ల మీద దేవుళ్ళు, మధ్య మెట్ల మీద కొండపల్లి బొమ్మలు, కింద నేల మీద ఒక ఊరు - ఆవాలు చల్లి మొలిపించిన పచ్చిక, అద్దం ముక్కతో చెరువు, ఇసకతో రోడ్డు. ఆ రోడ్డు మీద మా తమ్ముడి కార్లు. కొలువు ఎత్తేశాక బొమ్మలతోపాటు కార్లు కూడా పాత పంచె ముక్కల్లో చుట్టి ట్రంకుపెట్టెలోకి వెళ్ళిపోయేవి. మళ్ళీ పండగ దాకా వాడు ఎంత ఏడ్చినా అమ్మ తీసేది కాదు. ఆ కాఠిన్యం వల్లనే తొమ్మిది కార్లు బతికి బట్టకట్టాయి.

అమ్మ పోయాక ఆ పెట్టె నాకొచ్చింది. 2023 డిసెంబరులో ఇంగ్లండు నుంచి మా మావయ్య కూతురు వచ్చింది, నాకు మరదలి వరస. మావయ్య 1963లో డాక్టరుగా అక్కడికి వెళ్ళి, 1966లో ఒకసారి, 1971 వేసవిలో ఒకసారి ఖరగ్‌పూర్ వచ్చి మమ్మల్ని చూసి వెళ్ళాడు. ఇప్పుడాయన లేడు. "నాన్న మీకు తెచ్చిన కార్లు ఇంకా ఉన్నాయట కదా వదినా, ఒకటి రెండు గుర్తుగా ఇస్తావా?" అనడిగింది. పక్కనే ఉన్న మా తమ్ముడు "ఒకటి రెండెందుకు, అన్నీ ఇచ్చెయ్యక్కా. అన్నీ మావయ్యవేగా. నాన్న మనకి ఏనాడైనా ఒక్క బొమ్మ కొన్నాడా?" అన్నాడు. వాడికి అరవయ్యేళ్ళొచ్చినా ఆ మాట మాత్రం నోట్లోంచి పోలేదు. ఊహ తెలిసినప్పటి నుంచీ నాన్నగారి మీద వాడికి ఉన్న ఫిర్యాదు అది.

ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ పంపకం అన్నాక ఏది ఎక్కణ్ణించి వచ్చిందో తేల్చుకోవాలి కదా! మరదలు తక్కిన బంధువుల ఇళ్ళన్నీ తిరిగి వచ్చేసరికి పదిహేను రోజులు పడుతుంది. మా అబ్బాయి ఓ భూతద్దం, పాత బొమ్మకార్ల మీద ఓ లావుపాటి పుస్తకం తెచ్చిచ్చాడు. మంచం మీద తెల్ల తువ్వాలు పరిచి, తొమ్మిదింటినీ వరసగా బోర్లించి కూర్చున్నాను.

ముందు ఈ బొమ్మ ఎలా తయారవుతుందో చెప్పుకుందాం. మనం 'ఇనపకారు' అంటాం గానీ దీని ఒంట్లో ఇనుము లేదు. అయస్కాంతం పెట్టి చూడండి, ఇరుసులకి అంటుకుంటుంది, కొన్నిట్లో కింద బిగించిన రేకుకి అంటుకుంటుంది, ఒంటికి మాత్రం అంటుకోదు. ఒంటికీ అంటుకుంటే అది రేకుబొమ్మ అన్నమాట. ఈ కార్లది జింకు, అంటే తుత్తునాగం. అందులో కాస్త అల్యూమినియం, మరీ కొంచెంగా రాగి, మెగ్నీషియం కలుపుతారు. సుమారు 400 డిగ్రీల వేడిలో కరిగించి, ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి ఎక్కిస్తే క్షణాల్లో గట్టిపడుతుంది. దీన్నే డై-కాస్ట్ అంటారు. ఇనుమే కదా అని భోగిమంటలో పడేస్తే కరిగి ముద్దవుతుంది సుమా!

ఆ ఉక్కు అచ్చు తయారుచెయ్యడం చాలా ఖర్చుతో కూడిన పని. అంచేత ఒక అచ్చు చేయించాక కంపెనీలు దాన్ని ఏళ్ళ తరబడి వాడుకునేవి. మనం కజ్జికాయలు ఒత్తే చెక్క చూడండి, ఒకే అచ్చు. అందులోనే ఒకరు కొబ్బరికోరు పెడతారు, ఒకరు నువ్వులపొడి పెడతారు, ఒకరు రవ్వ పెడతారు. పైకి అన్నీ ఒకటే ఆకారం. కొరికితే తేడా. కార్లూ అంతే. అచ్చు మారకపోయినా ఒక ఏడు చక్రాలు మారాయి, ఒక ఏడు రంగు మారింది, మరో ఏడు కిటికీలకి అద్దాలొచ్చాయి. ఒక రకం చక్రాల నిల్వ అయిపోతే ఇంకో రకం వేసి పని కానిచ్చేసిన సందర్భాలూ ఉన్నాయి. ఈ తేడాలనే సేకరించేవాళ్ళు వేరియేషన్లు అంటారు. ఒకే కారు ఒక తేడాతో వేలకొద్దీ దొరుకుతుంటే, ఇంకో తేడాతో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి.

మొదట చూడవలసింది అడుగు భాగం. కంపెనీ పేరు, దేశం పేరు, చాలావాటికి ఒక నంబరు, కొన్నిటికి సంవత్సరం అక్కడ ఉంటాయి. సంవత్సరం దగ్గర ఒక్క జాగ్రత్త. మీ పిల్లల పెట్టెలో హాట్ వీల్స్ కార్లుంటే వాటి కింద కనిపించే ఏడు ఆ నమూనా మీద కంపెనీ హక్కు రాయించుకున్న ఏడు, ఆ కారు తయారైన ఏడు కాదు. '1969' అని ఉన్న కారు పాతికేళ్ళ తరువాత పోత పోసింది కూడా కావచ్చు. అది చూసి "మా ఇంట్లో 1969 నాటి కారుంది" అని సంబరపడకూడదు, ఎవరైనా అలా చెప్పి అమ్మజూపితే నమ్మకూడదు.

మా తొమ్మిదింట్లో ఏడింటి కింద 'మ్యాచ్‌బాక్స్' అనీ, 'లెస్నీ' అనీ, 'ఇంగ్లండు' అనీ ఉంది. లెస్నీ అన్నది లండన్‌లో 1947లో లెస్లీ స్మిత్, రోడ్నీ స్మిత్ అనే ఇద్దరు మిత్రులు పెట్టిన కంపెనీ. ఇంటిపేరు ఒకటే అయినా చుట్టరికం లేదు, ఇద్దరి పేర్లూ కలిపి లెస్నీ అయింది. తరువాత వాళ్ళతో జాక్ ఓడెల్ అనే ఆయన చేరాడు. ఆయన కూతురి బళ్ళో అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలు మాత్రమే తెచ్చుకోనిచ్చేవారట. కూతురి కోసం ఆయన ఓ చిన్న రోడ్డురోలరు చేసి అగ్గిపెట్టెలో పెట్టి ఇచ్చాడు. ఆ ఆలోచనే 1953లో మ్యాచ్‌బాక్స్ అన్న పేరుతో బజార్లోకి వచ్చింది. ప్రపంచమంతా ఎరిగిన ఆ బొమ్మలకి మూలం ఒక తండ్రి తన పిల్లకి చేసిచ్చిన బొమ్మ!

ఈ కార్లకి 1 నుంచి 75 వరకే నంబర్లు. పాతది ఆపేసి కొత్తది తెస్తే అదే నంబరు దానికి ఇచ్చేవారు. అంచేత నంబరొక్కటే చూసి ఇది ఫలానా అనుకోవడానికి లేదు. చక్రాలు చూడాలి. మొదట్లో వచ్చినవాటికి లోహపు చక్రాలు. తరువాత బూడిదరంగు ప్లాస్టిక్‌వి, కొన్నిటికి వెండిరంగువి, ఆ తరువాత నల్లవి వచ్చాయి. ఇరుసు చివర కూడా చూడండి. బాగా పాతవాటికి చివర నొక్కి చదును చేసినట్టుంటుంది, తరువాతివాటికి గుండ్రంగా మేకు తలలా ఉంటుంది. కిటికీలు మరో గుర్తు. తొలి కార్లకి కిటికీలు ఖాళీ కన్నాలే. అద్దంలాంటి ప్లాస్టిక్, లోపల సీట్లు తరువాత వచ్చిన సోకులు.

1968లో అమెరికాలో మాటెల్ కంపెనీ హాట్ వీల్స్ తెచ్చింది. నేల మీద తోస్తే ఆగకుండా పరిగెత్తే చక్రాలు వాటివి. వాటి ముందు మ్యాచ్‌బాక్స్ కార్లు ముసలివైపోయాయి. ఆ పోటీ తట్టుకోవడానికి లెస్నీ 1969లో సన్నని తీగలాంటి ఇరుసులతో సూపర్‌ఫాస్ట్ చక్రాలు మొదలుపెట్టింది. పాత అచ్చులకే కొత్త చక్రాలు తగిలించడంతో ఆ ఏడాదీ రెండేళ్ళలో ఒకే కారు రెండు రకాల చక్రాలతో దొరుకుతుంది. లాంబోర్గిని మియురా అలాంటిదే. 1969లో మామూలు చక్రాలతో వచ్చి, ఆ వెంటనే సూపర్‌ఫాస్ట్‌లోకి మారింది. లెస్నీ 1982లో దివాలా తీసింది. ఆ తరువాత పేరు చేతులు మారుతూ 1997 నుంచి ఆ మాటెల్ చేతిలోనే ఉంది. అందుకే కొత్త మ్యాచ్‌బాక్స్‌ల కింద వేరే దేశాల పేర్లు కనిపిస్తాయి. 'లెస్నీ', 'ఇంగ్లండు' అని రెండూ ఉంటే అది పాతకాలపు సరుకని ధైర్యంగా చెప్పవచ్చు.

ఈ లెక్కన మా ఏడూ రెండు కుప్పలయ్యాయి. నల్ల ప్లాస్టిక్ చక్రాలవి నాలుగు, సన్న ఇరుసుల సూపర్‌ఫాస్ట్‌లు మూడు. నాలుగూ మావయ్య 1966లో తెచ్చినవి, మూడూ 1971లో తెచ్చినవి అన్నమాట. మా మియురా ఆ మూడింట్లోదే. పుస్తకం చెప్పిన లెక్కా, మావయ్య రాకపోకల లెక్కా చక్కగా సరిపోయాయి.

నాలుగింట్లో ఒకటి ఎర్ర రెండంతస్తుల లండన్ బస్సు, 5వ నంబరు. ఆ నంబరు కింద లెస్నీవాళ్ళు సైజు పెంచుకుంటూ నాలుగు అచ్చులు మార్చారు. బస్సు పక్కన అతికించే ప్రకటన కూడా మారుతూ వచ్చింది. 'బై మ్యాచ్‌బాక్స్ సిరీస్' అని కొన్నిటికి, 'ప్లేయర్స్ ప్లీజ్' అని కొన్నిటికి, 'డ్రింక్ పియర్‌డ్రాక్స్' అని కొన్నిటికి. మాది 1965లో వచ్చిన ఆఖరి అచ్చు. దాని మీద 'విస్కో స్టాటిక్' అనే నూనె ప్రకటన ఉంది. ఆ అచ్చు మీద ఎక్కువగా కనిపించేదీ అదే. ఇంకొకటి 13వ నంబరు, చెడిపోయిన బళ్ళని లాక్కుపోయే డాడ్జి లారీ. ముందుభాగం పసుపు, వెనకభాగం ఆకుపచ్చ. ఈ రెండు రంగులూ తారుమారై ముందు ఆకుపచ్చ, వెనక పసుపు ఉన్న లారీ కోసం సేకరించేవాళ్ళు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తారు. మాది మామూలుదే లెండి!

ఎనిమిదోది కాస్త పెద్దది. జేమ్స్‌బాండ్ నడిపే ఆస్టన్ మార్టిన్, కోర్గీ కంపెనీది. మీట నొక్కితే కప్పు తెరుచుకుని పక్కసీట్లోని మనిషి ఎగిరి బయట పడతాడు. 1964లో వచ్చిన సినిమాలో కారు వెండిరంగుది. కానీ 1965లో వచ్చిన మొదటి బొమ్మ బంగారు రంగుది, నంబరు 261. వెండిరంగు బొమ్మ 1968లో 270 నంబరుతో వచ్చింది. చక్రాల్లోంచి పొడుచుకొచ్చే కత్తుల్లాంటి కొత్త హంగులు దానికే ఉన్నాయి. మాది బంగారు రంగుది, కాబట్టి 1966లో మావయ్య తెచ్చిందే. ఎగిరే మనిషి మాత్రం ఖరగ్‌పూర్ క్వార్టర్స్‌లో ఎగిరినవాడు మళ్ళీ దొరకలేదు. బొమ్మతో వచ్చే ఇలాంటి చిన్న చిన్న ముక్కలు ఉన్నాయా లేవా అన్నదాన్ని బట్టే దాని విలువ పెరుగుతుంది, తరుగుతుంది. పెట్టె అడుగున దుమ్ములో మిగిలిన గవ్వలూ పూసలూ పారబోసే ముందు ఒకసారి వేలితో కలిపి చూడండి.

ఇక తొమ్మిదోది. ఎర్ర జాగ్వార్ ఈ-టైపు. తమ్ముడికి ప్రాణం అది. 1970లో వాడికి ఏడేళ్ళప్పుడు టైఫాయిడ్ వచ్చి రైల్వే ఆస్పత్రిలో పడుకున్నాడు. అప్పుడు వాడి దిండు పక్కకి వచ్చింది ఆ కారు. "మావయ్య పంపాడురా" అని అమ్మ చెప్పింది. ఆ మాటే వాడి గుండెల్లో నాటుకుపోయింది. సముద్రాల అవతల ఉన్న మావయ్యకి తన మీద ఉన్న ప్రేమ ఇంట్లో ఉన్న నాన్నకి లేదని.

భూతద్దం పెట్టి చూశాను. జాగ్వార్ ఈ-టైపు బొమ్మని 1962లో తెచ్చింది డింకీ టాయ్స్. లివర్‌పూల్‌లోని మెకానో కంపెనీ 1934 నుంచి ఆ పేరుతో బొమ్మలు చేసింది. 1979లో అక్కడి ఫ్యాక్టరీ మూతపడింది. ఇంగ్లండు కారైతే కింద 'డింకీ టాయ్స్', 'మేడిన్ ఇంగ్లండ్' అని ఉండాలి. మా కారు కింద డింకీ లేదు, 'నిక్కీ' అని ఉంది. ఇంగ్లండు లేదు, 'ఇండియా' అని ఉంది.

పుస్తకం తిరగేశాను. డింకీవాళ్ళు తమకి అక్కర్లేని కొన్ని పాత అచ్చుల్ని 1960ల ఆఖరున కలకత్తాలోని ఒక కంపెనీకి అమ్మారట. వాళ్ళు ఆ అచ్చుల్లోనే పోతపోసి, కింద పేరు నిక్కీ టాయ్స్‌గా మార్చి మన దేశంలో అమ్మారు. మిల్టన్, మాక్స్‌వెల్ అన్న పేర్లతో కూడా కలకత్తాలో ఇలాంటి చిన్న కార్లు తయారయ్యాయి. ఒంటి ఆకారం అచ్చం ఇంగ్లండుదే. రంగు, కింది రాత వేరు. మా జాగ్వార్ రంగు దళసరిగా, అంచుల్లో కాస్త కారినట్టుగా ఉంది. ఇన్నేళ్ళూ ఎవరమూ పట్టి చూడలేదంతే.

సరే, మావయ్యే 1971లో వచ్చినప్పుడు కలకత్తాలో కొని ఉండకూడదా? ఆ అనుమానం నాకూ వచ్చింది. మా ఇంటి కొలువు ఫోటో ఒకటుంది. వెనక నాన్నగారి చేతిరాతతో 'జనవరి 1971' అని ఉంది. తీసి చూశాను. ఇసక రోడ్డు మీద, అద్దం చెరువు పక్కన ఆ జాగ్వార్ ఉంది. మావయ్య వచ్చింది ఆ ఏడు వేసవికి. 1966లో తెచ్చాడనుకుందామంటే అప్పటికి నిక్కీ అన్న పేరే పుట్టలేదు. మరి ఆ మధ్యకాలంలో మా ఇంట్లో కలకత్తా వెళ్ళివచ్చే మనిషి ఒక్కరే. వర్క్‌షాపు పని మీద నెలకోసారి రైలెక్కే మా నాన్నగారు.

కారు చెప్పింది ఇంతవరకే. ఫలానా ఆయన కొన్నాడని దాని మీద రాసి లేదు. తక్కినది మనం కలుపుకోవాలి. ఆ రోజుల్లో మా ఇంట్లో ఏడుగురం. ఒక్క జీతం. మా నాయనమ్మ ఉండేది. జబ్బుపిల్లాడికి మందులు కొనాల్సిన డబ్బు బొమ్మకారుకి తగలేశావా అని ఆవిడ నాలుగు రోజులు సాధించేది. మావయ్య పంపాడంటే ఎవరూ నోరెత్తరు. అమ్మ ఆ మాట అందుకే అని ఉంటుంది. నాన్నగారు సరే అనుకుని ఊరుకుని ఉంటారు. ఆ తరువాత ఎప్పుడూ ఆ మాట దిద్దలేదు, ఇద్దరూ వెళ్ళిపోయారు.

తమ్ముణ్ణి పిలిచాను. ఏమీ చెప్పకుండా కారు బోర్లించి, భూతద్దం చేతికిచ్చాను. కొంచెంసేపు చూశాడు. "ఇండియా అని ఉందేంటక్కా?" అన్నాడు. ఫోటో ఇచ్చాను. వెనక్కి తిప్పి ఆ చేతిరాత చదివాడు. చాలాసేపు మాట్లాడలేదు. కాఫీ చల్లారిపోయింది. చివరికి "ఇది ఎవరికీ ఇవ్వకు" అని మాత్రం అన్నాడు. కారుని జేబురుమాల్లో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళాడు. అప్పటి నుంచి నాన్నగారి గురించి ఆ పాత మాట వాడి నోట మళ్ళీ వినలేదు నేను.

మరదలికి ఎనిమిదీ ముందు పెట్టాను. లండన్ బస్సు, మియురా తీసుకుంది. తక్కినవి "కొలువులోనే ఉండనీ వదినా" అంది.

ఇది చదివి మీరూ మీ ఇంటి పెట్టె దించితే కొన్ని జాగ్రత్తలు చెబుతాను.

చింతపండు, ఇటుకపొడి, గిన్నెలు తోమే పీచు వీటి దరికి రానివ్వకండి. రంగు ఊడిందని కొత్త రంగు అసలే వెయ్యకండి. గీతలు పడిన పాత రంగుకే విలువ, మెరిసే కొత్త రంగుకి కాదు. మెత్తని బ్రష్షుతో దుమ్ము దులపండి. మరీ జిడ్డుగా ఉంటే తడిబట్టతో తుడిచి వెంటనే పొడిబట్టతో అద్దండి. నీళ్ళు నిలిస్తే ఇరుసులు తుప్పుపడతాయి, అతికించిన కాగితం బొమ్మలు లేచిపోతాయి. కిరసనాయిలు, థిన్నరు వద్దు. ట్రంకులో కలరా ఉండలు వేసే అలవాటుంటే వీటిని వేరే డబ్బాలోకి మార్చండి. ఆ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్ కిటికీల్ని మెత్తబరుస్తుంది. ఒక్కొక్కటీ విడిగా మెత్తని నూలుబట్టలో చుట్టండి. పాత అట్టపెట్టె ఉంటే చిరిగినా సరే పారెయ్యకండి.

రెండోవాడి చేతిలో రంగు పడిన కారుని గుర్తుపట్టడం కష్టం కాదు. ఒళ్ళూ అడుగూ కలిపి బిగించిన రివెట్టు తల చూడండి. డ్రిల్లుతో తొలిచినట్టుంటే ఆ కారుని ఎవరో విప్పారన్నమాట. ఇరుసుల మీద, చక్రాల అంచున ఒంటిరంగు చిందినా అనుమానించవలసిందే.

కారు రంగు వేసినచోట కాక ఒంట్లోనే సన్నని బీటలు కనిపిస్తే అది లోహానికి పట్టిన జబ్బు. పూర్వం జింకులో సీసంలాంటివి కలిసిపోయిన పోతల్లో ఇది వస్తుంది. 1930ల నాటి డింకీలు చాలా ఇలాగే పొడైపోయాయి. దానికి మందు లేదు. ఒత్తిడి, వేడి, చెమ్మ తగలకుండా విడిగా పెట్టడమే. అది ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే జబ్బు కాదు కాబట్టి భయపడి పారెయ్యనక్కర్లేదు.

అన్నిటికన్నా ముఖ్యం, పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. ఏది దొరికినా నోట్లో పెట్టుకునే పసివాళ్ళకి వీటిని ఇవ్వకండి. తుడిచాక మీరూ చేతులు కడుక్కోండి.

ఎవరైనా వచ్చి "అన్నీ కలిపి ఇంతకిస్తారా?" అంటే వెంటనే తలూపకండి. "ఇవి మన దేశపు నకిలీలు, వీటికి రేటు లేదు" అన్నా నమ్మకండి. నిక్కీలాంటి మన కార్లు అసలు అచ్చుల్లో పోసినవే. వాటి కోసమే వెతికేవాళ్ళు వేరే ఉన్నారు. ముందు ఓ పాత నోటుబుక్కు తీసి గళ్ళు గియ్యండి. కింద ఏం రాసి ఉంది, నంబరు, ఒంటిరంగు, లోపలి రంగు, చక్రాలు, అతికించిన బొమ్మ, ఏం పోయింది, పెట్టె ఉందా లేదా. పక్క నుంచి వెలుతురు పడేలా పెట్టుకుని చూస్తే అరిగిపోయిన అక్షరాలు కూడా కనిపిస్తాయి.

ఆఖరున మరో గడి గియ్యండి - ఎవరు తెచ్చారు, ఎవరి కోసం తెచ్చారు. కంపెనీవాళ్ళు ఊరూ పేరూ పోతపోశారు గానీ ఈ మాట రాయడానికి కారు కింద చోటు లేదు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళ ముందు కారు పెట్టి అడిగి, ఈవేళే రాసుకోండి. మేం అడగాలనుకునేసరికి చెప్పేవాళ్ళు లేకపోయారు. మీ ఇంట్లో ఇంకా ఉన్నారేమో!